తెలుగులో అడిగిన పెట్టె

తమిళనాడులో ఉన్న మా రాజపాళయంలో తెలుగు ఇంటి మాట. గడప దాటితే అంగడి, బస్సు, ఆఫీసు, అన్నీ అరవమే. బడి ముఖం నేను పెద్దగా చూడలేదు. పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తూ అరవం చదవడం నేర్చుకున్నాను, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను. తెలుగు అక్షరాలు మాత్రం వయసు మళ్ళాక, తిరుపతి నుంచి తెచ్చుకున్న పుస్తకం ముందు పెట్టుకుని దిద్దాను. బయటివాళ్ళెవరైనా తెలుగులో పలకరిస్తే చాలు, మనవాళ్ళేనని కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వడం మా ఇళ్ళలో అలవాటు.

మా కోడలు ఆస్పత్రులకు గాయాలకు కట్టే గుడ్డ అమ్ముతుంది. పొద్దున ఆమె వంటింట్లో ఉండగా ఆమె కంప్యూటర్‌లో నేను తెలుగు పేపరు చదువుతాను. చదవనిస్తేగా! ఏదో ప్లగిన్ పాతబడిందనీ అప్‌డేట్ చేయమనీ తెర మీద ఇంగ్లీషులో చిన్న పెట్టెలు వచ్చి అడ్డం పడేవి. నా ఇంట్లో కూర్చుని పేపరు చదువుకుంటుంటే నన్ను తొందరపెట్టడానికి వీళ్ళెవరు? తిట్టి మూసేసేవాణ్ణి.

మొన్న ఒక పెట్టె తెలుగులో వచ్చింది. దయచేసి మీ ప్లగిన్ అప్‌డేట్ చేసుకోండి, అని. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళలో నన్ను ఏ ఆఫీసూ, ఏ బ్యాంకూ తెలుగులో ఒక్క మాట అడగలేదు. మర్యాదగా అడిగాడు కదా అని నొక్కాను.

కాసేపటికి కోడలు ఒక ఆస్పత్రి మేనేజరుకు వీడియోలో గుడ్డ రకాలు చూపించడానికి కూర్చుంది. అది పెద్ద ఆర్డరు, ఎన్నాళ్ళుగానో దానికోసం తిరుగుతోంది. తన స్క్రీన్ ఆయనకు కనబడేలా పెట్టిందో లేదో, పేకాట ప్రకటనలు, సగం బట్టల ఆడవాళ్ళ బొమ్మలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆయన తర్వాత మాట్లాడదామని కాల్ కట్ చేశాడు.

"ఎవరు నొక్కినారు మామా?"

"నన్నడుగుతావేంది? నాకు చదవను రాదా? నీ పిల్లోళ్ళనడుగు!"

"పిల్లోళ్ళు స్కూలుకు పోయినారు మామా." కంప్యూటర్‌లో వెతికి, వేలు పెట్టి చూపించింది. "ఇదో, ఈ పొద్దు వాళ్ళు పోయినంక వచ్చి చేరింది."

ఇక ఒప్పుకున్నాను. "తెలుగులో అడిగినాడమ్మా."

"సరిపోయింది! తెలుగులో అడిగితే ఇల్లు కూడా రాసిచ్చేటట్టున్నారే!"

దాన్ని తీసేసి మేనేజరుకు ఫోన్ చేసింది. "మా ఇంట్లో పెద్దాయన సార్, తెలియక నొక్కేసినారు" అని అరవంలో బతిమాలింది. తెలియక! ఆ మాట ఎవరి నోటా అనిపించుకోకూడదనే కదా, మిల్లు దీపం కింద కళ్ళు పొడుచుకుని చదువుకున్నాను. పైగా ఇంట్లో లేని పిల్లల మీదికి తోశాను.

మధ్యాహ్నం మేనేజరు నుంచి మళ్ళీ వీడియో కాల్ వచ్చింది. ఈసారి గుడ్డలన్నీ చూశాడు, ఆర్డరు ఇచ్చాడు. ఆఖర్న నవ్వుతూ, "పెద్దాయన పక్కనే ఉన్నారా? దండం చెప్పండి" అన్నాడు. కోడలు కూడా నవ్వి, "ఉండారు సార్" అంటూ నాకోసం వెనక్కి తిరిగింది.

నేను అప్పటికే తలుపు చాటున, కెమెరాకు అందని చోట, గోడకు అంటుకుని నిలబడి ఉన్నాను.