దిగని గీత

లెక్కల లెక్చరరు బల్ల మీద ఒలికిన నీళ్లలో వేలితో గీతలు గీస్తాడు. తిన్నాక ఎక్కే గీత చక్కెరది, దాని వెనకే లేచేది ఇన్సులిన్‌ది. ఒంట్లో ఆ రెండింటి నడకను సమీకరణాల్లో పెట్టడమే అతని పరిశోధన. పెన్సిలు చెవి మీద ఉంచుకుని ఇల్లంతా వెతుకుతాడు. "నన్నో నీళ్లతొట్టిని చేశావు కదరా! ఒక కుళాయి, ఒక చిల్లు," అంటుంది వాళ్లక్క. ఆమెకు చక్కెర జబ్బు. కాగితం మీద ఆమె చక్కెర దిగుతుంది, మీటరులో దిగదు. సమీకరణాన్ని మళ్లీ మళ్లీ సవరించి, చివరికి ఆమెను ఇన్సులిన్ మోతాదు పెంచమన్నాడు.

ఈ ఉదయం ఆమె ఇన్సులిన్ వేసుకుంటుంటే మొదటిసారి దగ్గర నిలబడి చూశాడు. బొడ్డు పక్కన నిమ్మకాయంత గడ్డ ఉంది. ఆమె చేయి చూడకుండానే అక్కడికి వెళ్లింది.

"రోజూ అక్కడేనా?"

"అక్కడైతే నొప్పి తెలియదురా."

రోజూ పొడిచి గట్టిపడిన చోట మందు సరిగా ఇంకదు. అతని సమీకరణంలో గడ్డకు అక్షరమే లేదు.

"అక్కడొద్దక్కా."

"సరేలే, పెద్ద చదువులోడివి," అంటూ ఆమె సూదిని మెత్తని చోటికి జరిపింది. సిరంజిలో ఉన్నది పెంచిన మోతాదు. మెత్తని చోట అదంతా ఇంకితే చక్కెర ఎంత లోతుకు పడిపోతుందో! చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అక్కడొద్దంటావు, ఇక్కడా ఆపుతావు. ఇంతకీ ఎంత వేసుకోమంటావురా?"

"తెలీదక్కా. డాక్టర్‌ని అడుగుదాం," అన్నాడు. చేయి మాత్రం వదల్లేదు.