కాచిన నీళ్ళ పాట

నా చిన్నప్పుడు, ఉయ్యూరు పక్కన మా ఊళ్ళో, ఎండాకాలమంతా కట్టేసిన కాలవకి కొత్త నీళ్ళు వదలగానే అందరం బిందెలు పట్టుకుని గట్టుకి పరుగెత్తేవాళ్ళం. ఒక ఏడు ఆ నీళ్ళ వెనకే కలరా వచ్చింది. పది రోజుల్లో మా వీధిలో ఐదుగురు పోయారు. వాళ్ళలో పక్కింటి అక్క కొడుకు ఒకడు, నాలుగేళ్ళవాడు. గుంపుగా చేరొద్దని టీకాలు వేసేవాళ్ళు చెప్పడంతో, ఎవరి గుమ్మం ముందూ ఎవరూ కూర్చుని ఏడవలేదు.

ఆ ఏడుపు ఊడ్పుల్లో బయటపడింది. నారు నాటే ఆడవాళ్ళ వరసలో మా అమ్మమ్మే పాట అందుకునేది. ఆ ఏడు ఆమె కట్టిన పాటలో ఒక అమ్మవారు కాలవ గట్టు మీద నడిచొచ్చి, మనసుపడ్డ వాళ్ళని వెంట తీసుకుపోతుంది. ఒక్కో చరణంలో పోయినవాళ్ళ పేరొకటి వచ్చేది. పేరు రాగానే, ఆ మనిషి తరఫున, వరసంతా వంగినచోటే "ఓ" అని పలికేది. ఇంట్లో పెదవి విప్పని పక్కింటి అక్క, కొడుకు పేరొచ్చినప్పుడు అందరికంటే ముందు పలికేది.

నాకప్పుడు పదకొండేళ్ళు. మా ఊరి గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలన్నీ అయిపోయి పెద్దల బీరువాలోకి వచ్చానని మహా గర్వం. ఆ వారమే ఆరోగ్యం మీద ఒక పుస్తకం చదివాను. నారుకట్టలు అందిస్తూ అందిస్తూ పాటకి అడ్డం తగిలాను.

"అమ్మా లేదు, గిమ్మా లేదు. నీళ్ళల్లో క్రిములు. కాచకుండా తాగితే కలరా వస్తుంది."

"మా పంతులమ్మకి తెలీందేముంది? ముందా కట్ట ఇటు పడెయ్యవే," అని ఒకామె నవ్వింది.

పక్కింటి అక్క నడుమెత్తి నిలబడింది. "కాచకుండా తాగితేనా?" అంది. నేను హుషారుగా తలూపాను.

"దాహమన్నాడే. నేనే కదే ముంచి తాగించింది."

చేతిలో నారు అక్కడే వదిలేసి, గట్టెక్కి వెళ్ళిపోయింది.

అమ్మమ్మ నన్ను తిట్టలేదు. ఆమెకి చదువు రాదు. సాయంత్రం ఆ పుస్తకంలోని పేజీని నాచేత రెండుసార్లు చదివించుకుంది. మర్నాటికి పాట మారింది. అమ్మవారు గుమ్మం గుమ్మం తిరుగుతుంది. పొయ్యి మీద నీళ్ళు మరిగే ఇల్లు చూసి వెనక్కి మళ్ళుతుంది. నేను చెప్పిందంతా అందులో ఉంది, ఎవరు ముంచి తాగించారన్నది తప్ప. నా మాటకి ఒక్క కుండా పొయ్యి ఎక్కలేదు. ఆ పాటకి వీధంతా నీళ్ళు కాచింది.

నాలుగు రోజుల తర్వాత అక్క పొలానికొచ్చింది. కొడుకు పేరు వచ్చింది. వరసంతా పలికింది, ఆమె పలకలేదు. ఆ ఏడే కాదు, మరెప్పుడూ పలకలేదు. ఒకసారి నేను ఏడుస్తూ దగ్గరికి వెళితే, "నీదేం తప్పే, ఉన్నదే చెప్పావుగా" అని తల నిమిరింది. ఆ మాటని నేటికీ మోయలేకపోతున్నాను.

తర్వాత చాలా పుస్తకాలు చదివాను. మొన్న కరోనాలో, భర్తని పోగొట్టుకున్న ఎదురింటావిడని "ఎక్కడ అంటుకుందండీ?" అని అడగబోయి ఆగిపోయాను. అమ్మమ్మ పాటలో చరణాలు సగం మరిచిపోయాను. ఆ పిల్లాడి పేరున్నది మాత్రం మరవలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు పాడుకుంటాను. అక్క పలకాల్సిన చోట నేనే "ఓ" అంటాను.