కారవాన్ వెనక అరలో అట్టపెట్టె

మొన్న ఆదివారం మా అల్లుడు కాఫీ తాగుతూ ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. కారు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరిగే చక్రాల ఇల్లు, కారవాన్ అంటారే, అలాంటిదొకటి అద్దెకి దొరుకుతోందట, పిల్లల సెలవుల్లో అందరం అరకు వెళ్దామని, మన కారు దాన్ని అనాయాసంగా లాగేస్తుందని చెబుతున్నాడు. బళ్ళ సంగతుల్లో ఏనాడూ నోరు విప్పని నేను, అది ఖాళీగా ఎంత బరువుంటుంది, సామాను నింపాక ఎంతవుతుంది, ఆ సామాను ఎవరు ఎక్కడ సర్దుతారు అని వరసగా అడిగేసరికి అల్లుడు మా అమ్మాయి ముఖం చూశాడు, అమ్మాయి నా ముఖం చూసింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి మీద పాలూ లేవు, నీళ్ళూ లేవు. గట్టు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను.

నా ఈడు ఆడవాళ్ళలో, మా గోదావరి జిల్లాల నుంచీ కడప వైపు నుంచీ గల్ఫ్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసి వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. రెండు వేల ఎనిమిది ప్రాంతంలో నేను మస్కట్‌లో, బౌషర్ అనే పేటలో ఒక ఇంట వంట చేసేదాన్ని. మా ఆయన పోయాక బడికి వెళ్ళే పిల్లని అక్క దగ్గర వదిలి విమానం ఎక్కినదాన్ని. ఇంటి యజమానిని బాబా అని, ఆయన తల్లిని మామా అని పిలిచేవాళ్ళం. ఆయన భార్య ఉద్యోగానికి వెళ్ళేది కాబట్టి, నాలుగేళ్ళ వాళ్ళ పాప నా చెంగు పట్టుకునే తిరిగేది, నా చేతి ముద్ద తప్ప తినేది కాదు. మంచి ఇల్లేనండీ అది. కాని మంచి ఇంట్లో ఉన్నా పరాయి దేశంలో భయం భయమే, అది మనతో పాటే లేచి మనతో పాటే పడుకుంటుంది.

దగ్గర్లోని ఖురం పేటలో ఎవరో దొరవారు సొంత దేశానికి వెళ్ళిపోతూ అమ్మకానికి పెట్టిన కారవాన్‌ని బాబా కొన్నాడు. లోపల మంచాలు, చిన్న పొయ్యి, కిటికీలకి పూల తెరలు, చూడ ముచ్చటగా ఉండేది. మామా పుట్టిల్లు సూర్ అనే సముద్రపు ఊరు. కొండలు దాటి వెళ్ళాలి. తల్లిని అందులో తీసుకెళ్ళి బంధువులందరికీ చూపించాలని ఆయన ముచ్చట పడ్డాడు. ఆ ఇంటి డ్రైవరు కరీంనగర్ వైపు మనిషి, నేను అన్నా అని పిలిచేదాన్ని. ఇంటికి రాకముందు పదేళ్ళు నీళ్ళ ట్యాంకర్ నడిపాడు గాని, వెనక ఇంకో బండి తగిలించుకుని నడిపిన అనుభవం ఆయనకీ లేదు. బర్కాలో బాబా వాళ్ళ ఖర్జూరం తోట పక్క చదును రోడ్డు మీద ఖాళీ కారవాన్‌ని లాగి చూసి వచ్చారు. ఎంత పెద్ద ఇంజనో చూశావా అని బాబా మురిసిపోయాడు. అన్న మాత్రం వంటింటి గుమ్మం దగ్గర చతికిలబడి, మంచినీళ్ళు తాగి, నాతో అన్నాడు.

"లాగుడు పెద్ద పనా చెల్లె. దిగుడు కాడ ఆపుడే పని. గా కాయితాలల్ల ఏం రాసుందో జర సదివి చెప్పు."

నేను ఇంటర్ దాకా చదివినదాన్ని, ఆ ఇంట్లో పనివాళ్ళకి చదువరిని నేనే. చెయ్యి తుడుచుకుని వెళ్ళి కారవాన్ తలుపు పక్కన బిగించిన రేకు చదివాను, కారు పుస్తకం తిరగేశాను. ఖాళీ బరువు పదకొండు వందల కిలోలు, నిండితే పద్నాలుగు వందలు దాటకూడదు, కారు లాగగలిగింది పదిహేను వందలు. సరిపోతుందన్నా, ఇంకా మిగులుంది అని గొప్పగా చెప్పాను. ముందు కొక్కెం మీద ఇంత బరువు పడాలని పుస్తకంలో ఇంకో అంకె కూడా ఉంది గాని, అదేమిటో నాకు అర్థం కాలేదు, అర్థం కాలేదని చెప్పడానికి నామోషీ పడ్డాను. అన్న తలూపి వెళ్ళిపోయాడు.

తర్వాత రెండు రోజులు మామా, నేనూ కలిసి దాన్ని నింపాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు, మేమిద్దరం దాన్ని ఇల్లనుకున్నాం గాని బండి అనుకోలేదు. ఇంట్లోకి ఇంకో బస్తా తెస్తే ఇల్లు బరువెక్కిందని ఎవరనుకుంటారు? బంధువుల గుమ్మం చేతులూపుకుంటూ ఎక్కడం మామాకి చచ్చినంత పని, అందుకని ఇంటింటికీ లెక్కగట్టి ఖర్జూరం బస్తాలు, హల్వా డబ్బాలు, కాఫీ సరంజామా, పరుపులు, తివాచీలు. నా వంతుగా బియ్యం, బొగ్గులు, గ్యాస్ బండ, పెద్ద పెద్ద నీళ్ళ క్యాన్లు. తలుపు వెనక భాగంలో ఉంది, మోసుకెళ్ళి ముందుకి పెట్టే ఓపిక లేక తలుపు దగ్గరే పేర్చుకుంటూ వచ్చాను. వంటచేసే నాకు గుప్పెడు బియ్యం తూకం కూడా చేతికి తెలుస్తుంది, ఆ రెండు రోజులూ ఎన్ని కిలోలయ్యాయో మాత్రం ఒక్కసారి కూడా కూడుకోలేదు.

ఇక నా సంగతి. మా పక్కూరి మనిషి ఒకావిడ సూర్‌లో పనిచేసేది, ఆ వారంలోనే ఊరెళ్ళిపోతోంది. ఎవరు ఊరెళ్తున్నా నలుగురి సామాన్లూ వాళ్ళతోనే వెళ్ళాలి కదా అప్పట్లో. మా అమ్మాయి కోసం రెండేళ్ళుగా కూడబెట్టినవన్నీ, రగ్గు, పాలపొడి డబ్బాలు, సబ్బులు, బడి సంచి, ఒక కుక్కరు, అన్నీ అట్టపెట్టెలో కుక్కి, టేపు చుట్టి, తాడు బిగించి, ఎవరూ లేనప్పుడు కారవాన్‌లో అన్నింటికన్నా వెనక, మంచం కింద అరలో తోశాను. అడిగితే బాబా వద్దనేవాడు కాదేమో. కాని వంటమనిషి దగ్గర మూత బిగించిన పెట్టె కనిపిస్తే, అందులో ఏముందన్న ప్రశ్న ఎవరి నోటి నుంచైనా రావచ్చు, ఆ ప్రశ్న ఒక్కసారి వచ్చిందంటే ఎన్నేళ్ళ నమ్మకమైనా నీళ్ళలో కలిసిపోతుంది. అలా ఊరికి పంపించేసిన వాళ్ళని నేను ఎరుగుదును. పెట్టెలో దొంగ సొత్తు ఒక్కటీ లేదు, అయినా దొంగలాగే దాచాను.

బయలుదేరే రోజు పొద్దున్న పాప తల్లి, ఆఫీసుకి వెళ్ళబోతూ, పిల్లని నా చేతికి అందించి జాగ్రత్త అంది. సరిగ్గా అప్పుడే అన్న కారవాన్ ముందు భాగాన్ని కారు కొక్కేనికి తగిలించడానికి ఎత్తాడు. మొదటి రోజు ఇద్దరు పట్టుకుని రొప్పుతూ ఎత్తిన ముక్కు అది. ఇవాళ ఒంటి చేత్తో ఎత్తేశాడు. అరే, తేలికైంది అని నవ్వాడు కూడా. మా నాన్న ఎడ్లబండి మీద ఇటుకలు తోలేవాడండీ. బండి వెనక బరువెక్కువైతే కాడి పైకి తేలిపోతుంది, ఎడ్ల మెడలకి పలుపులు బిగుసుకుంటాయి, దిగుడులో బండి అదుపు తప్పుతుంది. కాడి తేలిగ్గా లేచిందంటే చాలు, మా నాన్న బండి కదిలించేవాడు కాదు, ఇటుకలన్నీ దింపించి ముందుకి సర్దించేవాడు. పుస్తకంలో నాకు అర్థం కాని ఆ అంకె ఏమిటో ఆ క్షణంలో అర్థమైంది. నోరు తెరిస్తే సామానంతా దింపుతారు. దింపితే అన్నింటికన్నా వెనకున్న నా పెట్టె అందరి ముందూ బయటపడుతుంది. నోరు మూసుకుని, పాపని ఎత్తుకుని, కారెక్కి కూర్చున్నాను.

ఊరు దాటే వరకూ ఏమీ కాలేదు. అమెరాత్ దాటి ఖురియాత్ వైపు రోడ్డు విశాలమైంది, బాబా కాస్త తొందరగా పోనివ్వమన్నాడు. అప్పుడు మొదలైంది. ముందు కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని మెల్లగా ఇటూ అటూ జరిపినట్టనిపించింది. రెండోసారి గట్టిగా ఊపింది. మూడోసారి కారు రోడ్డు మధ్య గీత దాటి పోయింది, ఎదురుగా లారీ హారన్ కొడుతూ వస్తోంది, అన్న బ్రేకు జోలికి వెళ్ళకుండా, స్టీరింగ్ కదలనివ్వకుండా బిగించి పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. లారీ మా పక్క నుంచి దూసుకుపోయింది. కారు నెమ్మదించాక ఊపు దానంతటదే సర్దుకుంది. గాలి ఎక్కువగా ఉంది అన్నాడు బాబా. మామా పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి. పాపకి ఇదంతా ఉయ్యాలలా ఉంది, నా ఒళ్ళో పకపకా నవ్వింది. అన్న అద్దంలో నన్నే చూస్తున్నాడు. వాళ్ళెవరికీ తెలియని మన భాషలో, గొంతు పెంచకుండా అడిగాడు.

"ఎనుక ఏం బెట్టినవ్ చెల్లె? నిజం చెప్పు."

"అందరికీ కావలసినవే అన్నా," అన్నాను.

ఆ అబద్ధం అంత తేలిగ్గా నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. అక్కడి నుంచి ఇంకో అరగంట, పాప నిద్రపోయింది, దాని తల బరువంతా నా మోచేతి మీదే ఉంది. ఖురియాత్ లోయలోకి దిగే వాలు మొదలయ్యే చోట ఒక చిన్న హోటల్ ముందు టీ కోసం ఆపారు. కిందికి చూశాను. రోడ్డు కొండ చుట్టూ తిరుగుతూ దిగిపోతోంది, ఒక పక్క రాయి, ఇంకో పక్క ఇనుప కంచె, దానవతల ఏమీ లేదు. నేను ఇంతగా ఎప్పుడూ భయపడలేదు, మా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజున కూడా. టీ గ్లాసులు ఇచ్చేసి అందరూ మళ్ళీ ఎక్కబోతుంటే, నేను పాపని భుజాన వేసుకుని కారు తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"బాబా, మాఫీ రూహ్," అన్నాను. వెళ్ళొద్దు అని. ఆయనతో నేను ఏదైనా వద్దు అనడం అదే మొదలు.

వచ్చిన అరబ్బీ, రాని హిందీ కలిపి, బరువంతా వెనక ఉందని, అందుకే బండి తోక ఊపుతోందని, ఈ వాలులో ఆగదని చెప్పాను. ఎడ్లబండి కాడి ఎలా పైకి తేలుతుందో చేతులతో చూపించాను. బాబా అన్న వైపు చూశాడు. అన్న నా వైపు ఒక్క క్షణం చూసి, అవును సాబ్, చెల్లెకి ఇప్పుడే తట్టింది, మంచిదైంది అని హిందీలో చెప్పాడు. తలుపు తీశారు. ఎండలో ఒక్కొక్కటీ దింపారు, క్యాన్లు, బస్తాలు, బొగ్గులు, బండ, చివరికి నా పెట్టె. దాని మీద పెద్ద అక్షరాలతో మా అమ్మాయి పేరు. ఇదెవరిదని బాబా అడిగాడు. నాదని, మా అమ్మాయికి పంపేదని చెప్పాను. తాడు నేనే విప్పబోతుంటే మామా నా చెయ్యి పట్టుకుని ఆపింది. నీ కూతురు ఎంత ఉంటుంది అని అడిగింది. నా నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. ఆవిడ ఆ పెట్టెని కారులో తన కాళ్ళ దగ్గర పెట్టించుకుని, సూర్ దాకా కాళ్ళు ముడుచుకునే కూర్చుంది.

క్యాన్లలో నీళ్ళన్నీ పారబోసేశారు. సగం బస్తాలు హోటల్ వాడి దగ్గర వదిలేశారు. మిగిలినవి చక్రాల మీద బరువు పడేలా, కాస్త ముందుకి సర్దారు. ఈసారి ముక్కు ఎత్తడానికి అన్నకి బాబా సాయం పట్టాల్సి వచ్చింది. ఆ వాలు ఎంత నెమ్మదిగా దిగామంటే వెనక బళ్ళవాళ్ళు తిట్టుకుంటూ దాటిపోయారు, అయినా ప్రతి మలుపులోనూ నా కళ్ళు మూతలు పడ్డాయి. కింద చదును రోడ్డు తగిలాక అన్న గట్టిగా ఊపిరి వదిలాడు.

సూర్‌లో ఆ సాయంత్రం బంధువుల ఆడవాళ్ళందరి మధ్యా నన్ను కూర్చోబెట్టి, ఈ పిల్ల నా మనవరాలిని కాపాడింది అని చెప్పింది మామా. తర్వాత నేనున్న ఆరేళ్ళూ ఇంటికి ఎవరొచ్చినా అదే చెప్పేది. మస్కట్ తిరిగొచ్చాక పాప తల్లి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. మా అమ్మాయి కాలేజీ చదువు ఆ ఇంటి చలవే. నేను ముందే తెలిసీ దాచానని అన్న ఒక్కడే కనిపెట్టాడు, ఆయన నన్ను మళ్ళీ ఏనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఊరెళ్ళిపోయాక ఆయన జాడ తెలియలేదు. మామా పోయిందని మూడేళ్ళ కిందట ఆ పాపే ఫోను చేసి చెప్పింది, చివరి రోజుల్లో కూడా నీ కథ చెప్పేది ఆంటీ అంది.

ఇప్పుడు పిల్లలకి సామాను పంపాలంటే పెట్టెలు ఎవరి చేతా మోయించనక్కర్లేదు, బరువెక్కువైతే కార్లే కూతపెట్టి చెబుతాయట. మంచిదే. ఆ రోజుల్లో అలా చెప్పాల్సింది మనుషులే. ఆ పొద్దున్న, ముక్కు ఒంటి చేత్తో లేచినప్పుడు, ఆ ఇంటి వాకిట్లో అది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, ఒక తల్లి నా చేతికి తన బిడ్డనిచ్చి జాగ్రత్త అన్నాక కూడా నేను కారెక్కి కూర్చున్నాను. ఆ పాపకి ఇప్పుడు ఇరవై దాటాయి. నన్ను తన ప్రాణదాత అనుకుంటోంది.