హేమ సర్టిఫికెట్లతో తిరుపతి దాకా

కూర్చోమే. ఆ ఫోను బోర్లించి పెట్టి సరిగ్గా విను. నువ్వు సగం విని సగం సొంతంగా అల్లేస్తావు. చదివేవాళ్ళు నానా ఊళ్ళవాళ్ళు, కాబట్టి నా యాస కాస్త సర్ది రాయి. మనుషులు మాట్లాడుకున్నది మాత్రం మాట్లాడినట్టే ఉంచు. రాసుకో.

పోయిన శనివారం చిత్తూరు నుంచి తిరుపతికి వెళ్ళి వచ్చాను. దేవుడి కోసం కాదు, బాస్కెట్‌బాల్ కోసం. తిరుపతి దాకా పోయి కొండ ఎక్కకుండా వచ్చానంటే మన వీధిలో ఎవరూ నమ్మలేదు. అయినా జరిగింది అదే.

నా పెద్ద మనవరాలు హేమ, అంటే ఇది రాస్తున్న పిల్లకు అక్క, బెంగుళూరు జట్టులో ఆడుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళు. మోకాలికి ఒకసారి ఆపరేషన్ అయింది. ఆ జట్టు ఏదో టోర్నమెంటుకు తిరుపతి వచ్చింది. హేమ కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతుంది. ఇంకో ఏడాదికి రాసుకుంటామన్నారు, కానీ ఇదివరకటిలా మొదటి ఐదుగురిలో ఉండదట. బెంచీ మీద కూర్చుని, అవసరం పడినప్పుడు దిగాలి, కొత్త పిల్లలకు ఆట చెప్పాలి. సరిగ్గా ఇదే సమయానికి స్పోర్ట్స్ కోటాలో సర్కారు బడి వ్యాయామం టీచరు ఉద్యోగం వచ్చింది. పర్మనెంటు. సోమవారం వచ్చి చేరమన్నారు. చేరితే జట్టు లేదు, జట్టయితే ఉద్యోగం లేదు.

వాళ్ళమ్మ సరోజ, నా కోడలు, రెండు రోజులు ఫోన్లో చెప్పి చూసింది. ఆ పిల్ల "సూద్దాం" తప్ప ఇంకో మాట అనలేదు. శుక్రవారం సాయంత్రం సరోజ ఒరిజినల్ సర్టిఫికెట్లూ ఆర్డరు కాగితమూ ఒక ప్లాస్టిక్ ఫైల్లో సర్ది తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అత్తా, నీ మాటయితే అది ఇంటాది. ఇది దాని సేతికిచ్చి, సోమవారం వచ్చి సేరమని సెప్పు. నువ్వూ ఉద్యోగం సేసినదానివే కదా."

నేను ముప్పై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి పెన్షను తీసుకుంటున్నాను. పర్మనెంటు ఉద్యోగానికి నాకంటే గట్టి సాక్షి ఆమెకు ఎవరు దొరుకుతారు? సరేనన్నాను.

శనివారం ఉదయం ఆరు నలభైకి చిత్తూరు బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు కొట్టిస్తారు, కార్డు మరిచిపోవద్దు. పొద్దున పోయేవాళ్ళు ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు, చంద్రగిరి దగ్గర కోట కూడా ఆ పక్కనే కనిపిస్తుంది. చేతిసంచి పైన అరలో పెట్టాను. ఫైలు మాత్రం ఒళ్ళోనే ఉంచుకున్నాను. ఒరిజినల్సు పోతే మళ్ళీ తెప్పించడం ఎంత కష్టమో మీకూ తెలుసు.

నా పక్కన ఒక పొడుగాటి పిల్ల కూర్చుంది. మోకాళ్ళు ముందు సీటుకు గుచ్చుకుంటున్నాయి. పేరు కీర్తన అంది. ఇంజనీరింగు చదువుతోందట, కాలేజీ జట్టులో ఆడుతుందట, ఆ రోజు ఆటకే వెళుతోంది. పూతలపట్టులో ఒక మీసాలాయన ఎక్కి మాకు అటుపక్క సీట్లో కూర్చున్నాడు. రిటైరైన డ్రిల్లు మాస్టరు. ఆ సంగతి మేము అడగకముందే చెప్పాడు. ఆయనదీ అదే ప్రయాణం. హేమ మా జిల్లా పిల్లే కదా, ఇక ఇద్దరూ దాని గురించే మొదలుపెట్టారు.

"హేమను దింపుతారంటావా పాపా ఈ పొద్దు?"

"యాడ సార్, బెంచీ మీద కూసోబెట్టేసినారు. ఇంకో ఏడాది కాంట్రాక్టు ఇచ్చినా బెంచీ మీదనే అంట. మా వాట్సాప్ గ్రూపులో అందురూ అదే కొట్లాడుకుంటా వుండారు. నేనయితే ఆ కాగితం వాళ్ళ మొగానే పారేసి ఇంకో జట్టుకు పోతా."

"ఇంకో జట్టు యాడిదిమ్మా? ముప్పై వస్తా వుండాది, మోకాలు కోసినారు."

"ఆటంటే పరుగేనా సార్? ఆయమ్మ పాసు సూడండి. బాలు వచ్చి సేతిలో పడేదాకా మనం ఖాళీగా వుండామని మనకే తెలీదు."

ఆ మాట విని నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. నేను ఎవరి అవ్వనో చెప్పలేదు. చెబితే మర్యాద మాటలు వస్తాయి గానీ నిజం రాదు.

కండక్టరు టికెట్లు కొడుతూ మధ్యలో ఆగాడు. "ఎవురికప్పా కాంట్రాక్టు? ఏ డిపార్టుమెంటు?"

మాస్టరు సంగతంతా చెప్పి, టీచరు పోస్టు కూడా వచ్చిందని ఎవరో అన్నారని కలిపాడు. కండక్టరు మెషిన్ చంకలో పెట్టుకుని మరీ వాదనకు దిగాడు.

"పర్మనెంటు సేతికొచ్చినాక ఆలోసన ఏంది సార్? ఈ పనిలోకి రాకముందు నేను పన్నెండేండ్లు యాడాడో కాంట్రాక్టు కింద సేసినా. ప్రెతి మార్చి నెలా కడుపులో దడ, వుంటామో పోతామో అని. ఆ పాపకి సెప్పే పెద్దోళ్ళు ఎవురూ లేరా ఇంట్లో?"

చెప్పే పెద్దది ఆయన ఎదురుగానే సున్నా టికెట్టు పట్టుకుని కూర్చుని ఉంది.

"అదీ మాట," అన్నాడు మాస్టరు. "బెంచీ మీద కూసునే దానికంటే బళ్ళో ఇరవైమంది పిల్లోళ్ళను తయారు జెయ్యొచ్చు. అది గౌరవం."

"బెంచీ అంటే అవమానమే సార్, నేనూ ఒప్పుకుంటా," అంది కీర్తన.

అక్కడ నా నోరు ఆగలేదు. "అవమానం ఏముంది పాపా దాంట్లో? పప్పు ఉడికినాకనే కదా తాలింపు పెట్టేది? ముందే పెడితే మాడిపోతాది."

ముగ్గురూ నా వైపు చూశారు. "నీకు ఈ ఆట తెల్సా అవ్వా?" అంది కీర్తన.

"యాభై ఏండ్ల కింద జిల్లా జట్టులో ఆడినా."

మాస్టరు మీసం దువ్వుకున్నాడు. "లంగా ఓణీలు కట్టుకోనా?"

"లంగా ఓణీతో ఎట్ల ఆడేది సార్? నువ్వు కట్టుకోని ఒకసారి ఆడి సూపించు, సూస్తాము."

కండక్టరు నవ్వుతూ ముందుకు పోయాడు. ఆ నవ్వులన్నీ అయ్యాక నాకు తట్టింది. నేను వచ్చిన పని ఒకటి, ఇప్పుడు అన్న మాట ఇంకొకటి. సరోజ తరఫున వచ్చి బెంచీ తరఫున మాట్లాడాను. ఫైలు రెండు చేతులతో పట్టుకుని తిరుపతి వచ్చేదాకా నోరు మూసుకున్నాను.

ఎనిమిది ముప్పై అయిదుకు బస్టాండులో దిగాము. ఎదురు సందులో ఇడ్లీ తిన్నాను, చట్నీలో కారం ఎక్కువ, పెద్దవాళ్ళు ముందే చెప్పి పప్పుల పొడి వేయించుకోవడం మంచిది. కీర్తన నన్ను వదిలిపెట్టలేదు. ఇద్దరం షేర్ ఆటోలో యూనివర్సిటీల వైపు ఉన్న ఒక కాలేజీ ఇండోర్ కోర్టుకు చేరాము. లోపలికి టికెట్టు లేదు. సిమెంటు మెట్ల మీద కూర్చోవాలి, మడిచి వేసుకోవడానికి తువ్వాలు తీసుకుపోండి.

హేమ అప్పటికే కోర్టులో బంతి వేస్తోంది. నన్ను చూసి చెయ్యెత్తి "అవ్వా" అని కేకేసింది. కీర్తన నన్ను మీద నుంచి కింద దాకా చూసింది.

"నువ్వు ఆయమ్మ అవ్వవా? బస్సులో ఆ మాట సెప్పనేల్యా నువ్వు. మేము మోకాలు, ముప్పై అని ఏమేమో వాగితిమి."

"వాగితేనే కదా నాకు తెలిసింది," అన్నాను.

పదిన్నరకు ఆట మొదలైంది. హేమ బెంచీ చివర, మెడలో తువ్వాలుతో కూర్చుంది. నేను ఆట చూడలేదు, దాన్నే చూశాను. బంతి మన వాళ్ళ చేతికి వచ్చినప్పుడల్లా దాని మడమలు నేల మీద నుంచి లేస్తున్నాయి. మళ్ళీ దిగుతున్నాయి. కూర్చునే ఆడుతోంది ఆ పిల్ల. సగం ఆట దాకా అంతే. మూడో క్వార్టరులో పదకొండు పాయింట్లు వెనకబడ్డాక కోచ్ దాని వైపు చూశాడు. ఆయన చెయ్యి ఎత్తకముందే ఇది తువ్వాలు తీసేసింది.

దిగి, పరిగెత్తలేదు. బంతిని రెండుసార్లు నేలకు కొట్టి, అందరినీ నిలబెట్టి, ఎడమవైపు చూస్తూ కుడివైపుకు ఇచ్చింది. అందుకున్న పిల్లకు పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో, తన చేతిలోకి బంతి ఎలా వచ్చిందో తెలియక ఒక క్షణం నిలబడిపోయి, తర్వాత బుట్టలో వేసింది. కీర్తన నా మణికట్టు పట్టుకుంది, ఆట అయ్యేదాకా వదల్లేదు. హేమ తాను వేసింది నాలుగు పాయింట్లే. చివరికి మూడు పాయింట్లతో ఓడిపోయారు.

వెనక మెట్టు మీద నుంచి డ్రిల్లు మాస్టరు గొంతు వినిపించింది. "ముందే దింపి వుంటే గెలిచేది కదప్పా. అట్లాంటి మనిషిని కూసోబెడతారా ఎవురైనా?"

"సార్, బస్సులో మీరు ఏమన్నారు?" అంది కీర్తన.

"బస్సు మాట బస్సులోనే పోయిందిమ్మా," అన్నాడాయన.

అందరూ వెళ్ళాక హేమ మోకాలికి ఐసు కట్టుకుని వచ్చి నా పక్కన మెట్ల మీద కూర్చుంది. నేను ఫైలు దాని చేతిలో పెట్టాను. సరోజ అన్న మాటలు ఒక్కటి పోకుండా, ఒక్కటి కలపకుండా చెప్పాను. ఎక్స్ఛేంజి అలవాటు అది. ఒకరిని ఇంకొకరికి కలపాలి, మధ్యలో మనం మాట్లాడకూడదు.

"ఇది అమ్మ మాట," అంది హేమ. "నీ మాట ఏందవ్వా?"

"నాదీ అదే."

అది నా మొహం కేసి చూసింది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, "తాగు, నోరెండి పోయినట్టుండావు," అంటూ లేచి నిలబడబోతున్న నా వైపు విసిరింది. రెండు చేతులా పట్టుకున్నాను. పట్టుకున్నానో లేదో ఎడమకాలు మెట్టు మీద పాతుకుంది, కుడికాలు దానంతట అదే పక్కకు తిరిగింది, మోచేతులు బయటికి వచ్చాయి. ఎదుటివాళ్ళు లాక్కోకుండా బంతిని కాపాడుకునే పద్ధతి అది. ఎవరు లాక్కుంటారు అక్కడ, ఖాళీ మెట్ల మీద?

"అవ్వా, నీ కాలు సూడు," అంది హేమ మెల్లగా.

ఇంట్లో కొబ్బరికాయ అందించినా, ఉతికిన దుప్పటి విసిరినా నా కాలు అట్లాగే తిరుగుతుంది. ఎవరూ చూడలేదు, అంతే. ఇక దాచి ఏం లాభమని చెప్పేశాను.

"నాకు పందొమ్మిదో ఏట వుద్యోగం వచ్చిందిమే. సాయంత్రం డ్యూటీ. కోర్టుకు పొయ్యే టయానికి నేను సెవులకు హెడ్‌సెట్టు తగిలించుకోని ఎక్స్ఛేంజి బోర్డు ముందర కూసునేదాన్ని. అందురూ సంతోషపడినారు, నేనూ సంతోషపడినా. ఆట మానుకోమని ఎవురూ అన్ల్యా. ఈ పొద్దు మానేసినాను అని ఒక రోజు కూడా రాల్యా, అందుకని ఏడ్సేదానికి కూడా రోజు దొరకల్యా. ఇప్పుటికీ నాలుగున్నర అయితే నా సేతులకు ఏం సెయ్యాల్నో తెలీదు. చీపురు పట్టుకుంటా, పూలు కడతా, బియ్యం ఏరతా. మీరందురూ, అవ్వ ఒక్క నిమిషం కూసోదు అంటారు."

హేమ ఐసు తీసి పక్కన పెట్టింది.

"వుద్యోగాన్ని నేను తిట్టను," అన్నాను. "అన్నం పెట్టింది, ఇల్లు కట్టించింది. కానీ నువ్వు అడిగినావు గాబట్టి సెప్తా వుండా. బెంచీ మీద నీ మడమలు సూసినా. అవి లేసినన్నాళ్ళు ఆడు."

"మోకాలు మళ్ళా పోతే?"

"పోతే కష్టమే. అబద్ధం ఎందుకు సెప్పాల?"

"అమ్మకు ఏం సెప్తావు?"

"మీ అమ్మతో పడేది నేను పడతా."

ఐసు మళ్ళీ మోకాలికి కట్టుకుంది. తర్వాత ఫైలు తెరిచి కాగితాలన్నీ ఒకసారి చూసి, మూసి, నా చేతికి ఇచ్చింది. "సోమవారం బెంగుళూరులో సంతకం పెడతాను," అంది.

బస్టాండు దగ్గర మెస్సులో ఇద్దరం భోజనం చేశాము. సాంబారు బాగుంది. మూడు పదికి బస్సు. ఈసారి పక్కన ఎవరూ మాట్లాడేవాళ్ళు లేరు, అందుకే కండక్టరు మాటలు గుర్తొచ్చాయి. ప్రతి మార్చి నెలా కడుపులో దడ. ఆ దడ నేను ఒక్క ఏడూ పడలేదు. దాని చేత సంతకం పెట్టిస్తున్నది దాని మడమలా, నా చేతులా? నా ఆకలికి దాన్ని అన్నం మానుకోమన్నానా? చంద్రగిరి దాటేదాకా అదే ఆలోచన, తేలలేదు. ఇప్పటికీ తేలలేదు, అట్లాగే రాయి. పూతలపట్టులో బస్సు ఆగినప్పుడు నాలుగున్నరయింది. చేతుల్లో ఫైలు ఉంది, అయినా ఖాళీగానే అనిపించాయి.

అయిదు దాటాక ఇల్లు చేరాను. సరోజ వాకిలి దగ్గరే ఉంది. నా చేతిలో ఫైలు చూసింది. ఫైలు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. సోమవారం హేమ ఫోను చేసి సంతకం అయిందని చెబితే విని, జాగ్రత్త అని పెట్టేసింది. ఆ రోజు మొదలు నాతో మాటలు లేవు. పళ్ళెం పెడుతుంది, నాకు కారం తక్కువ వేస్తుంది, మందులు తీసి పక్కన ఉంచుతుంది. పిలవాలంటే మాత్రం నీ చేత పిలిపిస్తుంది. ఆమె తప్పేమీ లేదు. తల్లి అడగాల్సిందే అడిగింది, నేనే చేయాల్సింది చేయలేదు.

చివరి మాట రాసుకో. ఆట చూడ్డానికి తిరుపతి పోయేవాళ్ళు తొమ్మిదిన్నరకల్లా చేరితే ముందు మెట్లు దొరుకుతాయి. ఇక ఈ ప్రయాణం మొత్తం మీద నాకు తెలిసింది ఏమంటే, బెంచీ మీద కూర్చోవడం వేరు, ఆట బయట కూర్చోవడం వేరు. బెంచీ మీద ఉన్నవాళ్ళను ఎప్పుడో ఒకప్పుడు పిలుస్తారు. నేను మాత్రం ఇన్నేళ్ళూ...

"అత్తా, నీ బస్సు ఇంకా ఇల్లు సేరల్యా? రాగిసంగటి సల్లారిపోతా వుండాది, రా."

ఆపుమే, ఆపు. పిలిచింది మీ అమ్మే కదా? నిన్ను కాదు కదా, నన్నే కదా? చెయ్యివ్వు, లేస్తాను. వస్తా వుండా సరోజా, ఇదిగో వస్తా