మా మిద్దె కూలలేదు

ఈ పాత మిద్దె పగుళ్లకు ఏటా ఇద్దరం కలిసి సున్నపు గచ్చు వేద్దామని ముప్పై ఏళ్ల కిందట మాటిచ్చిన తమ్ముడు యాదగిరి ఒక్క వేసవీ రాలేదు. పక్కనే రేకుల ఇల్లు కట్టాడు. చదువుకోవడానికి సూడాన్ నుంచి వచ్చి నా ఇంట్లో కిరాయికుంటున్న హసన్‌ను, ఈ మిద్దె కూలుతుందని బెదిరించి తన ఇంటికి కిరాయికి రమ్మన్నాడు. పొద్దున హసన్ పెట్టె సర్దుకున్నాడు.

మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడింది. తమ్ముడి రేకులు ఎగిరి తొండుపల్లి దారిలో పడ్డాయి. బెల్లం, కరక్కాయ నీళ్లతో నేను నూరి గచ్చు వేసిన మిద్దె చుక్క కూడా కారలేదు. తమ్ముడు తడిసి ముద్దయి నా గడప దగ్గరికొచ్చాడు.

"అన్నా, జర లోపలికి రానియ్యి."

"కూలుతదన్నవు గద, భయమైతలేదా?"

హసన్ నవ్వుతూ పెట్టె విప్పాడు. "బాపూ, ఇగ నేను ఈడనే ఉంట."

తమ్ముడికి తువ్వాలిచ్చాను. మీరైతే క్షమించేవారా? ముప్పై వేసవులు నా ఒక్కడి చేత సున్నం నూరించినవాడు ఆ యాదగిరే.