ఎడమ తలుపు ఉద్యోగం

మూసిన తలుపు తెరుచుకోకపోతే ఊళ్ళో జనానికి గుర్తొచ్చేవాడు ఒక్కడే. జిరాక్సు షాపుకీ సెలూనుకీ నడుమ, ఇద్దరు నిలబడితే మూడోవాడికి గాలి ఆడని సందులో తాళాలాయన దుకాణం ఉంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి మూసేసిన లాయరుగారైనా, గడియ బిగుసుకుపోయి స్నానాలగదిలో చిక్కుకున్న పెద్దావిడైనా ఆయనకే కబురు పెట్టాలి. ఆయన వస్తాడు, తలుపుకు చెవి ఆనిస్తాడు, వైద్యుడు నాడి చూసినట్టు కళ్ళు మూసుకుంటాడు, "స్ప్రింగు అలిగింది" అంటాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంటుంది. తాళాల అలకలు తీర్చడంలో ఆయన్ను మించినవాడు లేడని నలుగురూ చెప్పుకుంటారు. ఆ నలుగురిలో ఆయన భార్య లేదు.

అందుకు కారణం కారు.

ఎప్పుడో ఒక వ్యాపారి ఇనప్పెట్టె తెరిచిపెట్టినందుకు, ఆ వ్యాపారి తన షెడ్డులో కోళ్ళు కాపురం ఉంటున్న పాత కారును చవగ్గా వదిలించుకున్నాడు. వదిలించుకున్నాడన్నది ఇల్లాలి మాట. సంపాదించానన్నది తాళాలాయన మాట. కోళ్ళను ఖాళీ చేయించి, ఏడాదిపాటు సెలవురోజులన్నీ దాని కింద పడుకుని, చివరికి దాన్ని రోడ్డెక్కించి పట్టపురాణి అని పేరు పెట్టాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో షాంపూ మొదట రాణిగారికి, మిగిలితే మనుషులకి. రాత్రి వాన పడితే ఆయన లేచి మొదట టార్పాలిన్ సర్దుతాడు, ఆ తరవాత తీగమీద బట్టలు తడుస్తున్నాయని భార్యను లేపుతాడు.

"సవతి అనడానికి కూడా లేదు" అంటుంది ఆవిడ. "సవతైతే అంట్లైనా తోమేది."

అయితే పట్టపురాణికి పరివారం లేనిదే అడుగు పడదు. పొద్దున్నే దాన్ని తొయ్యడానికి పక్కింటివాళ్ళు కావాలి. ఎత్తుమీద ఆగితే చక్రం వెనక చెక్కముక్క పెట్టడానికి ఒకరు కావాలి. ఎడమపక్క లైటు వెలగదు కాబట్టి ఎడమకు తిరిగేటప్పుడు కిటికీలోంచి చెయ్యి చాపడానికి ఒకరు కావాలి. వీటన్నిటికీ తలమానికమైన పని ఎడమ తలుపుది. దాని గడియ నాలుక అరిగిపోయింది. కారు కుడికి తిరిగినప్పుడల్లా ఆ తలుపు, పుట్టింటికి బయల్దేరిన కొత్త కోడలిలా, ఒక్కసారిగా బయటికి దూకుతుంది. అలా దూకకుండా, తాళాలాయన పాత తోలు బెల్టు ఒకటి లోపలి పిడికి కట్టి ఉంటుంది. ఆ బెల్టు రెండో కొస ఇల్లాలి చేతికి చుట్టి ఉంటుంది. పెళ్ళిళ్ళకైనా, ఆస్పత్రికైనా, కూతురి బడికైనా ఆవిడ ఆ సీట్లో కూర్చుంది నిజమేగాని, ఆ కూర్చోడాన్ని ప్రయాణం అనడం కష్టం. అది డ్యూటీ.

కూతురు ఎదిగింది. నగరంలో బీమా కంపెనీలో, కోపంగా ఫోను చేసేవాళ్ళను ఓదార్చే ఉద్యోగంలో చేరింది. అంతా చిన్నప్పటినుంచీ ఇంట్లో నేర్చుకున్న పనే కాబట్టి పైకొచ్చింది కూడా. ఆ పైకొచ్చిన పిల్ల ఒక సెలవురోజున తండ్రికి కొత్త ఫోను పట్టుకొచ్చింది.

"ఇది దారి చెబుతుంది నాన్నా. ఎక్కడికెళ్ళాలో నొక్కితే చాలు."

"నాకు తెలియని దారి ఏముందే ఈ ఊళ్ళో?"

"తెలిసిన దారినే తప్పుతావుగా, అందుకని. ఇదిగో, ఇంకోటి. రోజూ భోజనాలవేళకి ఈ గంట మోగుతుంది. 'ఈరోజు మీరు ఎవరికి కృతజ్ఞులు?' అని అడుగుతుంది. రాసుకోవాలి. ఒత్తిడి తగ్గుతుందట."

"నాకు ఒత్తిడెక్కడిది?"

"నీకు కాదు నాన్నా, అమ్మకి."

ఆయన ఆ మాట వినలేదు. తాళంచెవులు సానపట్టే మెషిను పక్కన బతికిన చెవులు కదా, తమకు అక్కర్లేనివి వినడం ఎప్పుడో మానేశాయి. అదే కారణంచేత ఆయన ఏదైనా రాస్తే పైకి చదువుతూ రాస్తాడు, ఏదైనా చదివితే వీధి చివరిదాకా చదువుతాడు.

అందువల్ల కృతజ్ఞతా సాధన ఆ ఇంట్లో బహిరంగంగానే మొదలైంది. మొదటి సాయంత్రం కంచం ముందు కూర్చుని, గంట మోగగానే, పరీక్ష రాసేవాడంత బుద్ధిగా ఫోను తీసి, "కార్బురేటరుకి" అన్నాడు. ఇల్లాలు కూర వడ్డించింది. మర్నాడు, బోల్టుకు మర తిప్పి ఇచ్చిన లేతు మేస్త్రీకి కృతజ్ఞుడయ్యాడు. ఆవిడ మంచినీళ్ళు పెట్టింది. తరవాతి రోజు బ్యాటరీకి. ఆపై రోజు, తన దుకాణం ముందు స్కూటరు పెట్టకుండా సంస్కారంతో మెలిగిన సెలూను కుర్రాడికి. ఆవిడ రోజూ వింటూనే ఉంది. లైనులో నిలబడ్డ మనిషి తన వంతు ఎప్పుడొస్తుందా అని చూసినట్టు మొదట్లో చూసింది. తరవాత చూడ్డం మానేసింది.

వారం తిరిగేసరికి ఆయన ఫోను దించకుండానే అన్నాడు:

"ఇవాళ ఈ దారి చెప్పే ఆవిడకి. ఎన్ని తప్పు మలుపులు తిప్పినా ఒక్క మాట అనదోయ్. 'దారి మళ్ళీ చూస్తున్నాను' అంటుంది, అంతే. విసుగన్నది లేదు. ఎంత ఓర్పు, ఎంత ఓర్పు."

ఇల్లాలు గరిటె గిన్నెలో పెట్టింది. లోపలికెళ్ళి బెల్టు తెచ్చింది. దాన్ని చక్కగా చుట్టచుట్టి ఆయన కంచం పక్కన పెట్టింది.

"రేపటినుంచి ఆవిడనే కూర్చోబెట్టుకోండి" అంది. "నాకు ఓర్పు తక్కువ."

తాళాలాయన ఈ రాజీనామాను మొదట తేలిగ్గానే తీసుకున్నాడు. బరువు తగ్గింది, పెట్రోలు కలిసొస్తుందనుకున్నాడు. కాని లోపల ఒక చిక్కు ఉంది. వచ్చే ఆదివారం పాత కార్ల సంఘంవాళ్ళ వార్షిక యాత్ర. ఊరి బయటి చెరువు గట్టుదాకా కార్లన్నీ వరసగా వెళ్ళాలి, కుటుంబాలతో. ఏడాదంతా ఆయన ఎదురుచూసేది ఆ ఒక్కరోజు కోసమే. ప్రతి ఏడూ ఆవిడ చేతికి బెల్టు చుట్టుకుని పక్కన ఉంటుంది. పక్కసీటు ఖాళీగా పెట్టుకుని ఆ వరసలో వెళ్ళడమంటే, చొక్కా మీద ఒక గుండీ లేకుండా సభకెళ్ళడం లాంటిది. అందరూ చూస్తారు, ఎవరూ చెప్పరు.

మర్నాడు పొద్దున్న ఒక నగల దుకాణం షట్టరు తెరుచుకోలేదని కబురొచ్చింది. ఆయన బెల్టును సీటుకు బిగించి కట్టి, పనిముట్ల పెట్టె పక్కన పెట్టుకుని ఒక్కడే బయల్దేరాడు. నాలుగు రోడ్ల కూడలిలో ఫోనావిడ "కుడికి తిరగండి" అంది. ఆయన తిరిగాడు. బెల్టు గట్టిదే. సీటు కూడా ఆ కారుదే కావడం వల్ల అదే ఊడింది. తలుపు తెరుచుకుంది, సీటు ఒరిగింది, పెట్టె రోడ్డుమీదికి దూకింది, ఊరి రహస్యాలన్నీ తెరవగల తాళంచెవులు కూడలి నిండా చిల్లరలా పరుచుకున్నాయి.

"దారి మళ్ళీ చూస్తున్నాను" అంది ఫోనావిడ, ఎంతో ఓర్పుగా.

ట్రాఫిక్ కానిస్టేబులు విజిలు నోట్లోంచి తీసి, వంగి తాళంచెవులు ఏరిపెట్టాడు.

"చెయ్యి ఏదండీ?" అన్నాడు.

"ఏ చెయ్యి?"

"ఎడమపక్క ఉండే చెయ్యి. గడియారం పెట్టుకుని ఉంటుందే. అది బయటికొస్తే మేం ఎటువాళ్ళని అటే ఆపుతాం. మీ లైట్లను ఎవడు నమ్ముతాడండీ?"

వెనక ఆగిన బస్సు డ్రైవరు తల బయటికి పెట్టి, "ఒంట్లో బాగోలేదా ఆ అమ్మకి?" అని అడిగాడు. తాళాలాయన బాగానే ఉందన్నాడు. "మరి?" అన్నాడు డ్రైవరు. దానికి ఆయన దగ్గర తాళంచెవి లేదు.

సాయంత్రం బావమరిదిని పట్టుకున్నాడు. అంటే ఇల్లాలి తమ్ముడు, పక్కన జిరాక్సు షాపు అతనిదే. ఆదివారానికి పనికొస్తాడేమో చూద్దామని సీటు బిగించి, కూర్చోబెట్టి, బెల్టు చేతికిచ్చాడు. రెండు మలుపులు సవ్యంగానే అయ్యాయి. మూడో మలుపులో బావమరిదికి ఫోనులో ఏదో వీడియో వచ్చింది. చూడాల్సిందే అయినట్టుంది, చూశాడు. తలుపుతోబాటు సగం మనిషి బయటికెళ్ళి, మిగతా సగం పుణ్యాన లోపలికొచ్చాడు.

కారు పక్కకు ఆపారు. బావమరిది అరచెయ్యి చూసుకున్నాడు. బెల్టు ఒరుసుకుని ఎర్రగా గీరుకుపోయి ఉంది.

"అక్క చేతికి ఇక్కడ ఒక మచ్చ ఉంటుంది, చూశావా బావా?" అన్నాడు. "వంటింట్లో కాలిందేమో అనుకునేవాణ్ణి."

తాళాలాయన స్టీరింగు తుడుస్తున్నాడు. అది శుభ్రంగానే ఉంది.

"ఊరికే అడుగుతున్నాలే, ఏమనుకోకు. తాళాల దుకాణం నీదే కదా. ఈ గడియ బాగుచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"అరగంట."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెయ్యలేదు?"

"మీ అక్క ఉందిగా" అన్నాడు తాళాలాయన.

ఆయన చెవులు అక్కర్లేనివి వినవని చెప్పుకున్నాం. ఈ మాట మాత్రం, తన నోట్లోంచి వచ్చినదే కాబట్టో ఏమో, స్పష్టంగా వినబడింది. బావమరిది బెల్టును చుట్టచుట్టి సీటు మీద పెట్టి దిగిపోయాడు.

శనివారం దుకాణం తెరవలేదు. తలుపు విప్పాడు. గడియ నాలుక ఊడదీశాడు, కొత్తది ఆకురాయితో అరగదీసి అమర్చాడు, స్ప్రింగు మార్చాడు. తలుపు వేశాడు. టక్కుమని పడింది. తీసి మళ్ళీ వేశాడు. వీధిలో పిల్లలు చూస్తూ ఉంటే పదేపదే వేశాడు. ఊళ్ళో అందరి తలుపులూ చేసిన ఆ చప్పుడు తన తలుపు చేయగా వినడం ఆయనకదే మొదటిసారి. ప్రధానమంత్రి ఆనకట్ట ప్రారంభించినంత గంభీరంగా ఇంట్లోకి వచ్చి, "ఏమోయ్, తలుపు బాగైంది" అన్నాడు.

"ఎంతసేపు పట్టింది?" అంది ఆవిడ, బట్టలు మడతపెడుతూ.

చాకచక్యం అన్నది తాళాల దగ్గరే ఖర్చయిపోయిన మనిషి. "ఎంతసేపో ఏమిటి, అరగంట" అన్నాడు గర్వంగా.

ఆవిడ మడతపెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని ఆయన వంక చూసింది.

"అరగంట" అంది.

అంతే. దుప్పటి మడత పూర్తిచేసి బీరువాలో పెట్టింది. భోజనాలవేళ గంట మోగింది. ఫోను అడగాల్సింది అడిగింది. ఆయన దాన్ని బోర్లించి, కంచంలోకి చూస్తూ తిన్నాడు.

ఆదివారం కూతురొచ్చింది. వెనకసీట్లో కూర్చుంది. బావమరిది చెక్కముక్క పట్టుకుని ఆ పిల్ల పక్కనే కూర్చున్నాడు. రాణిగారు మెరిసిపోతోంది. వీధి చివర మిగతా కార్లు హారన్లు కొడుతున్నాయి. తాళాలాయన స్టీరింగు ముందు కూర్చుని, పక్కసీటు ఖాళీగా ఉండగా, ఎడమ తలుపు వంక చూశాడు. అది బుద్ధిగా మూసుకుని ఉంది. ఇక దానికి ఎవరూ అక్కర్లేదు. ఇంతకాలం ఆవిణ్ణి పిలవాలంటే ఆయనకు కష్టమే లేదు. తలుపు పట్టుకోవాలంటే చాలు, వచ్చేది. ఇప్పుడు పిలవాలంటే కారణం ఏదీ మిగల్లేదు. ఉన్న ఒక్క కారణాన్నీ ఆయనే నిన్న స్వహస్తాలతో బాగుచేసేశాడు.

"నాన్నా, వెళ్ళిపోతున్నారు అందరూ" అంది కూతురు.

"వెళ్ళనీ" అని దిగి ఇంట్లోకి వెళ్ళాడు.

ఆవిడ వంటింట్లో, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

"రావా?" అన్నాడు గుమ్మంలోంచి.

"తలుపు దానంతటదే పడుతోందిగా. నేనెందుకు?"

ఆయన జవాబు కోసం వెతుక్కున్నాడు. చెక్కముక్క పెట్టడానికి బావమరిది ఉన్నాడు. దారి చెప్పడానికి ఫోను ఉంది. తలుపు వేసుకోడానికి తలుపే ఉంది.

"ఊరికే" అన్నాడు.

"ఊరికే అంటే?"

"ఊరికే కూర్చోడానికి. నా పక్కన." ఆగి, "ఇన్నాళ్ళూ పట్టుకున్నావు కదా" అన్నాడు. ఆ వాక్యానికి ముందూ వెనకా ఇంకేవో ఉండాలి. ఆయన వాటిని తెరవలేకపోయాడు.

ఆవిడ కొళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. "ఆ ఓర్పుగలావిడ నోరు మూయిస్తారా?" అంది.

ఆయన జేబులోంచి ఫోను తీసి ఆపి, బియ్యం డబ్బా మీద పెట్టాడు. ఆవిడ చేతి గడియారం తగిలించుకుని వచ్చి కూర్చుంది. తలుపు టక్కుమంది. వీధివాళ్ళు తోశారు, రాణిగారు దగ్గి బయల్దేరింది.

ఒళ్ళో చేతులు ఏం చేసుకోవాలో ఆవిడకు తెలియలేదు. కాసేపు కొంగు సర్దింది, కాసేపు కిటికీ అంచు తుడిచింది. నాలుగు రోడ్ల కూడలిలో కారు కుడికి తిరిగింది. ఆవిడ చెయ్యి దానంతటదే తలుపు పిడి మీదికి వెళ్ళింది. తలుపు కదల్లేదు. చెయ్యి కాసేపు అక్కడే ఉండి, వెనక్కి వచ్చింది. ఆయన రోడ్డువంకే చూస్తున్నాడు, ఏమీ అనలేదు. అనకపోవడం ఆయన చేసిన పనులన్నిటిలోకీ తెలివైనది.

తరవాతి మలుపు ఎడమకి. ఆయన మీట నొక్కాడు. ఆ లైటు ఎప్పటిలాగే వెలగలేదు. ఆవిడ ఒక్క క్షణం ఆయన వంక చూసి, కిటికీలోంచి చెయ్యి చాపింది. వెనక బస్సు ఆగింది. డ్రైవరు ఆ చేతికి హారను కొట్టి పలకరించాడు.

"ఇది కూడా అరగంటేనా?" అంది ఆవిడ, చెయ్యి లోపలికి తీసుకోకుండానే.

తాళాలాయన గేరు మార్చాడు.

"అది కరెంటు పనోయ్" అన్నాడు. "నాకు రాదు."