తేజాబు పళ్లు

ఖయ్యూం నవ్వబోతే నోటికంటే ముందు తువ్వాలు లేస్తుంది. పాశమైలారం ఫ్యాక్టరీలో తుప్పు పట్టిన ఇనుప కమ్మీలను యాసిడ్ తొట్టిలో ముంచి తీయడం పదిహేనేళ్లుగా అతని పని. ఆ యాసిడ్‌ను అక్కడ తేజాబు అంటారు. ఆ పొగకు అతని ముందుపళ్లు సుద్దముక్కల్లా అరిగి, నలభై ఏళ్లకే చిగుళ్లను అంటుకున్నాయి. చాయ్ చల్లారేదాకా ఆగి, రొట్టె అందులో నానబెట్టి, ఎడమ దవడతో నమిలి మింగుతాడు. పాన్ డబ్బా ముందు నిలబడిన పాపాన పోలేదు.

మొన్న ఒకరోజు పని మానుకొని మూడోసారి సర్కారు దవాఖానకు వెళ్లాడు. పళ్లు చూసే కుర్చీకి కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉంది. అందులో కాగితాల కట్టలు వెల్లకిలా పడుకొని వైద్యం చేయించుకుంటున్నాయి. డాక్టరు లేవకుండానే ఫారం తీశాడు.

"గుట్కా ఎన్నేండ్ల సంది తింటున్నవ్?"

"అల్లా కసమ్, ముట్టలే సార్. తేజాబు పొగకు గిట్లయినయ్. జెర నోట్లె సూడుండ్రి."

"ఫారంల తేజాబు లేదు భాయ్. గుట్కా ఉంది, బీడీ ఉంది. ఏది రాయాలె?"

"మరి నా పళ్లు?"

"పళ్ల మిషన్ ఇంకా రాలే, రానీ. అందాక మంచిగ బ్రష్ చెయ్."

గుట్కా అని రాసి, ఉచిత బ్రష్ ఒకటి చేతిలో పెట్టి పంపాడు. ఖయ్యూంకు సర్కారు వైద్యం పూర్తయింది.

ఇప్పుడు ఆ బ్రష్‌తో అతను తన సైకిల్ గొలుసు తోముతున్నాడు.

"మంచి బ్రష్ ఇచ్చిండ్రు భాయ్," అంటాడు తోటివాళ్లతో, తువ్వాలు అడ్డం పెట్టుకొని. "తుప్పు మస్తు పోతున్నది."